వైఫై పెట్టె చెడిపోలేదు, తాళం కుదరలేదు



మన ఇళ్లలోకి ఒక కొత్త వస్తువు వచ్చింది. గోడకు తగిలించి ఉంటుంది. చిన్న చిన్న దీపాలు వెలుగుతూ ఉంటాయి. దానిని వైఫై పెట్టె అంటాము. రౌటరు అని కూడా అంటారు.

ఆ పెట్టెతో మనకు చాలా పనులు ఉన్నాయి. పిల్లలు దాంతోనే పాఠాలు చూస్తారు. పొదుపు సంఘం లెక్కలు ఫోనులోనే చూసుకుంటాము. కువైట్ పోయిన మనిషి ముఖం చూడాలన్నా అదే దారి.

ఒకరోజు ఫోను "అప్‌డేట్ చేయమంటారా?" అని అడుగుతుంది. సరే అని నొక్కుతాము. రాత్రికి రాత్రి ఆ పని అయిపోతుంది. తెల్లవారి చూస్తే వైఫై కలవదు.

"పెట్టె పాడైంది" అంటారు ఒకరు. "కాదు, ఫోనే పాడైంది" అంటారు ఇంకొకరు. అంగడికి పోయి డబ్బు పోసి కొత్తది తెస్తారు. కానీ చాలాసార్లు పెట్టే పాడు కాదు, ఫోనూ పాడు కాదు. ఆ రెంటికీ మాట కుదరదు. అంతే.

మాట ఎందుకు కుదరదు? మళ్లీ ఎట్ల కుదిర్చాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఫోను లోపలి మేస్త్రి

ఇల్లు కట్టే చోట మేస్త్రి ఉంటాడు. ఎవరు ఏ పని చేయాలో అతడే చెబుతాడు. ఫోను లోపల, కంప్యూటరు లోపల కూడా అట్లాంటి మేస్త్రి ఉంటాడు. ఆ మేస్త్రి మనిషి కాదు. ఒక పెద్ద ప్రోగ్రాము. దానినే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు.

మన దగ్గర ఎక్కువ ఫోన్లలో ఉండేది ఆండ్రాయిడ్. ఆపిల్ ఫోన్లలో ఉండేది ఐఓఎస్. కంప్యూటర్లలో ఎక్కువగా ఉండేది విండోస్.

ఈ మేస్త్రిని తయారు చేసేవారు అప్పుడప్పుడు మారుస్తుంటారు. విండోస్ 11 అనేది 2021 అక్టోబరులో వచ్చింది. దానికి ముందుది విండోస్ 10. దానికి మామూలుగా ఇచ్చే ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అందుకే చాలామంది పాత కంప్యూటర్లలో కొత్త విండోస్ వేయిస్తున్నారు.

కొత్త మేస్త్రి వస్తే కొత్త నియమాలు వస్తాయి. గోడ మీది పెట్టెకు ఆ నియమాలు తెలియవు. అది పాత పద్ధతిలోనే నడుస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

పెద్ద కాలువ, పిల్ల కాలువ

నెట్టు ఇంటికి ఎట్ల వస్తుంది? కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది సులువుగా అర్థమవుతుంది.

జమ్మలమడుగు దగ్గర మైలవరం డ్యామ్ ఉంది. డ్యాము నుండి నీళ్లు పెద్ద కాలువలో వస్తాయి. తూము దగ్గర నుండి పిల్ల కాలువలో మన చేనికి పారుతాయి.

చేనికి నీళ్లు రాలేదు. ఎందుకు? పెద్ద కాలువలోనే నీళ్లు లేకపోవచ్చు. లేదా కాలువలో నీళ్లున్నా మన తూము మూసి ఉండవచ్చు.

వైఫై కూడా ఇట్లాగే. వీధిలో నుండి ఇంటికి వచ్చే తీగ పెద్ద కాలువ. పెట్టె నుండి ఫోను దాకా గాలిలో వచ్చేది పిల్ల కాలువ.

మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్ నెట్ అనే ప్రభుత్వ సంస్థ కరెంటు స్తంభాల మీదుగా తీగ వేసింది. అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ 2017 డిసెంబరు 27న దానిని ప్రారంభించారు. నెట్టు, టీవీ, ఫోను మూడూ ఒకే తీగ మీద వచ్చాయి. అప్పట్లో నెలకు 149 రూపాయల నుండి మొదలు. ఇట్లాంటి సంస్థలు ఇంకా ఉన్నాయి. అందరి పెట్టెలూ ఒకే వయసువి కావు. కొన్ని కొత్తవి. కొన్ని చాలా పాతవి.

అందుకే నెట్టు రానప్పుడు మొదట ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆగింది పెద్ద కాలువా? పిల్ల కాలువా?

తెలుసుకోవడం సులభం. ఇంట్లో ఇంకో ఫోనుతో చూడండి. ఏ ఫోనులోనూ రాకపోతే తీగలోనో పెట్టెలోనో లోపం ఉంది. ఫైబర్ పెట్టె మీద ఎర్ర దీపం వెలిగితే తీగ తెగిందేమో అని అనుమానించాలి. నెట్టు ఇచ్చేవారికి ఫోను చేయాలి. మిగతా ఫోన్లన్నిటిలో వచ్చి, అప్‌డేట్ చేసిన ఒక్కదానిలోనే రాకపోతే పిల్ల కాలువ దగ్గరే చిక్కు.

తాళాలలో రకాలు

గాలిలో పోయే మాటలను దొంగ వినకూడదు. అందుకని పెట్టె వాటికి తాళం వేస్తుంది. మనం కొట్టే పాస్‌వర్డ్ ఆ తాళానికి చెవి.

ఈ తాళాలు నాలుగు రకాలు.

మొదటిది డబ్ల్యూఈపీ. ఇది 1990లలో వచ్చింది. దీనిని పగలగొట్టవచ్చని 2001 నాటికే తెలిసిపోయింది.

రెండవది డబ్ల్యూపీఏ. 2003లో వచ్చింది.

మూడవది డబ్ల్యూపీఏ2. 2004లో వచ్చింది. ఇప్పటికీ ఎక్కువగా వాడేది ఇదే.

నాలుగవది డబ్ల్యూపీఏ3. 2018లో వచ్చింది. అన్నిటికన్నా గట్టిది.

తాళం లోపల మీట కూడా రెండు రకాలు. టీకేఐపీ అనేది పాత మీట. ఏఈఎస్ అనేది గట్టి మీట.

కొత్త మేస్త్రులకు పాత తాళాలు నచ్చవు. విండోస్ 2019 నుండి పాత తాళం చూస్తే హెచ్చరిస్తోంది. ఆపిల్ ఫోన్లు 2020 నుండి "వీక్ సెక్యూరిటీ" అని చూపుతున్నాయి. అంటే తాళం బలహీనంగా ఉందని అర్థం. కొన్ని కంప్యూటర్లు, ఫోన్లు హెచ్చరించి ఊరుకుంటాయి. కొన్ని అసలు కలవవు.

ఇప్పుడు మూడు ఊర్లలో మూడు ఇళ్లు అనుకుందాం. మూడు ఇళ్లలో మూడు రకాల చిక్కులు చూద్దాం.

ప్రొద్దుటూరులో: పాత తాళం, కొత్త కంప్యూటరు

ప్రొద్దుటూరులో ఒక ఇల్లు. తల్లి రవికెలు కుడుతుంది. కూతురు డిగ్రీ చదువుతోంది. కంప్యూటరులో కొత్త విండోస్ వేయించారు. స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాలి. రేపే ఆఖరు తేదీ.

"అమ్మా, వైఫై పేరు కనపడతాంది. కానీ కలవడం లేదు."

"నా ఫోనులో వస్తాంది కదా పాపా. అయితే తీగ బాగుంది. కంప్యూటరు ఏమంటాంది? చదువు."

"ఈ వైఫైకి తాళం గట్టిగా లేదంట."

"అట్లయితే పెట్టెలో తాళం మార్చాల."

ఆ తల్లి సరిగ్గా చెప్పింది. వారి పెట్టెలో పాత టీకేఐపీ మీట ఉంది. దానిని డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని మార్చారు. కంప్యూటరు కలిసింది. నెట్టు వేగం కూడా పెరిగింది. ఎందుకు? పాత తాళం పెడితే పెట్టె ఉన్న వేగమంతా ఇవ్వలేదు. 54 అనే మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఒకవేళ ఆ రోజు తాళం మార్చడం కుదరకపోతే? దరఖాస్తు ఆగకూడదు. తల్లి ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి కంప్యూటరుకు నెట్టు ఇవ్వవచ్చు. మొదట పని ముగించాలి. తర్వాత పెట్టె సంగతి చూసుకోవచ్చు.

జమ్మలమడుగులో: కొత్త తాళం, పాత ఫోను

ఇక్కడ కథ తిరగబడింది. పెట్టె కొత్తది. అవ్వ ఫోను పాతది.

కొత్త పెట్టె తెచ్చినప్పటి నుండి అవ్వ ఫోనులో నెట్టు లేదు. కువైట్‌లో ఉన్న కూతురు వీడియో కాల్ చేస్తే కలవడం లేదు. "నా బిడ్డ ముఖం చూసి వారమైంది" అని అవ్వ దిగులు పడింది.

కోడలు పెట్టెను పరిశీలించింది. అందులో డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంది. అవ్వ ఫోనుకు ఆ తాళం తెలియదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ పనిచేసేటట్లు మార్చే వీలు పెట్టెలోనే ఉంటుంది. కోడలు అట్ల మార్పించింది. ఇక కొత్త ఫోన్లు కొత్త తాళంతో, పాత ఫోన్లు పాత తాళంతో కలుస్తాయి.

ఇంకో చిక్కు కూడా బయటపడింది. కొత్త పెట్టెలు రెండు దారులలో నెట్టు పంపుతాయి. ఒకటి 2.4. రెండవది 5. ఈ 5 దారిలో వేగం ఎక్కువ. కానీ గోడలు దాటి దూరం పోలేదు. 2.4 దారిలో వేగం తక్కువ. కానీ దూరం పోతుంది. చాలా పాత ఫోన్లకు 2.4 ఒక్కటే తెలుసు.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు రాతి గోడల ఇళ్లు ఎన్నో మనం చూస్తుంటాము. మందపాటి రాతి గోడ దాటి 5 దారి లోపలి గదికి రావడం కష్టం. కాబట్టి 2.4 దారిని మూసేయకూడదు. పెట్టెను మూల గదిలో, బీరువా వెనుక పెట్టకూడదు. ఇంటి నడుమ, ఎత్తులో పెట్టాలి.

పులివెందులలో: ఫోను పేరు మారింది

పులివెందుల దగ్గర చీనీ తోట ఉన్న ఒక ఇల్లు. ధర ఎంత పలుకుతోందో వ్యాపారి ఫోనులో పంపుతాడు. కాయల ఫోటోలు వీళ్లు పంపుతారు. తోటలో సెల్ సిగ్నలు సరిగ్గా ఉండదు. వైఫై మీదే ఆధారం.

మేనల్లుడు పెట్టెలో ఒక జాబితా పెట్టాడు. ఇంటివాళ్ల ఫోన్లకు తప్ప వేరేవాళ్లకు నెట్టు రాకూడదని అతని ఆలోచన. చాలా కాలం బాగానే నడిచింది. ఇంట్లో ఫోను మార్చారు. ఇక అది కలవలేదు. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది. తాళమూ మంచిదే. మరి తప్పు యాడుంది?

ప్రతి ఫోనుకు ఒక గుర్తింపు నంబరు ఉంటుంది. దానిని మ్యాక్ అడ్రసు అంటారు. ఇది మన సెల్ నంబరు కాదు. ఫోను తయారయినప్పుడే ఇచ్చిన నంబరు. పెట్టెలోని జాబితాలో రాసుకునేది ఈ నంబరునే.

2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చింది. 2020లో ఐఓఎస్ 14 వచ్చింది. అప్పటి నుండి ఫోను తన అసలు నంబరు చెప్పడం మానింది. ఒక్కో వైఫైకి ఒక్కో మారు నంబరు చెబుతుంది. ఎందుకు? మనం ఏ అంగడికి పోయాము, ఏ బస్టాండులో ఆగాము అని ఎవరూ వెంటబడి చూడకుండా. ఇది మన మేలుకే. కానీ ఇంట్లో జాబితా ఉంటే చిక్కు వస్తుంది. మారు నంబరు జాబితాలో లేదు. పెట్టె తలుపు తీయదు.

దీనికి రెండు దారులు. ఒకటి, పెట్టెలో ఆ జాబితాను తీసేయడం. గట్టి పాస్‌వర్డ్ ఉంటే జాబితా అవసరం లేదు. రెండవది, ఫోనులో మన ఇంటి వైఫైకి మాత్రం అసలు నంబరు చెప్పమని, ఆ నంబరును పెట్టె జాబితాలో రాయడం. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై పేరు నొక్కితే "ప్రైవసీ" అని ఉంటుంది. అక్కడ మార్చవచ్చు. ఆపిల్ ఫోనులో "ప్రైవేట్ వైఫై అడ్రస్" అని ఉంటుంది.

వరుసగా ఏం చేయాలి?

ఒక్కో పని చేసి చూడండి. కుదిరితే అక్కడే ఆగండి. అన్నీ ఒకేసారి మార్చకండి. అట్ల మారిస్తే దేనివల్ల బాగయిందో తెలియదు.

1. ఇంకో ఫోనులో నెట్టు వస్తోందా చూడండి.

2. పెట్టె స్విచ్ ఆపండి. ఒక నిమిషం ఆగండి. మళ్లీ వేయండి. ఫోనును కూడా ఆపి వేయండి.

3. ఫోనులో తేదీ, టైము సరిగ్గా ఉన్నాయా చూడండి. తేదీ తప్పయితే వైఫై కలిసినా పేజీలు తెరుచుకోవు.

4. ఫోనులో వైఫై పేరు నొక్కి "ఫర్‌గెట్" అనండి. అంటే "మరిచిపో" అని అర్థం. తర్వాత మళ్లీ పాస్‌వర్డ్ కొట్టండి. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఉన్నవి ఉన్నట్లే కొట్టాలి.

5. ఫోనులో, కంప్యూటరులో వచ్చిన మాట చదవండి. ఇంగ్లీషులో ఉంటే బడికి పోయే పిల్లల చేత చదివించండి. నోటు పుస్తకంలో రాసుకోండి.

6. పెట్టె అడుగున ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని మీద 192.168.1.1 అనో, 192.168.0.1 అనో అంకెలు ఉంటాయి. నెట్టు కలిసిన ఫోనులో క్రోమ్ తెరిచి ఆ అంకెలు కొట్టండి. పెట్టె లోపలి పేజీ వస్తుంది. చీటీ మీది పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. లోపల "వైర్‌లెస్ సెక్యూరిటీ" అనే చోట డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఎంచుకోండి. తర్వాత ఇంట్లో ఫోన్లన్నిటినీ మళ్లీ కలపాల్సి రావచ్చు.

7. పెట్టె లోపల కూడా ఒక ప్రోగ్రాము ఉంది. దానిని ఫర్మ్‌వేర్ అంటారు. దానికి కూడా అప్‌డేట్ ఉంటుంది. అది జరిగేటప్పుడు కరెంటు పోతే పెట్టె నిజంగానే చెడిపోవచ్చు. కరెంటు కోత లేని వేళ చూసి చేయించండి.

పెట్టె నెట్టు ఇచ్చేవారిదైతే లోపలి పేజీ మనకు తెరుచుకోకపోవచ్చు. అప్పుడు వారికి ఫోను చేసి ఈ ఒక్క మాట చెప్పండి: "మా పెట్టెలో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి." ఈ మాట కాగితం మీద రాసి పెట్టె పక్కన అంటించుకోండి.

కంప్యూటరుకు మాత్రమే వచ్చే చిక్కు

పాత కంప్యూటరులో కొత్త విండోస్ వేస్తే ఒక్కోసారి వైఫై గుర్తే కనపడదు. తప్పు పెట్టెది కాదు. కంప్యూటరులో వైఫై భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము ఉంటుంది. దాని పేరు డ్రైవర్. పాత డ్రైవర్ కొత్త మేస్త్రి దగ్గర పనిచేయలేదు. కొత్త డ్రైవర్ తెచ్చుకోవాలి. తెచ్చుకోవాలంటే నెట్టు కావాలి. నెట్టేమో రాదు!

భయం లేదు. ఫోను ఛార్జింగ్ వైరుతో ఫోనును కంప్యూటరుకు కలపండి. ఫోనులో "యూఎస్‌బీ టెథరింగ్" ఆన్ చేయండి. కంప్యూటరుకు వైరు మీదుగా నెట్టు పోతుంది. అప్పుడు విండోస్ అప్‌డేట్ నడపండి. చాలాసార్లు కొత్త డ్రైవర్ అదే వచ్చేస్తుంది.

కొత్త పెట్టె ఎప్పుడు కొనాలి?

పెట్టె లోపలి జాబితాలో డబ్ల్యూపీఏ2 అన్నదే లేకపోతే, ఫర్మ్‌వేర్ మార్చినా రాకపోతే, అప్పుడు మార్చాల్సిందే. మొదట నెట్టు ఇచ్చేవారిని అడగండి. పెట్టె వారిదైతే మార్చి ఇవ్వమనండి. అంగడిలో కొంటే మూడు మాటలు అడగండి. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ ఉన్నాయా? 2.4, 5 రెండూ ఉన్నాయా? మా ఇంటికి వచ్చే తీగకు ఇది సరిపోతుందా? జవాబులు సరిగ్గా వచ్చాకే డబ్బు తీయండి.

జాగ్రత్తలు

కలవడం లేదని విసిగి కొందరు తాళమే తీసేస్తారు. పాస్‌వర్డ్ లేకుండా వదిలేస్తారు. అది వీధి వాకిలి తెరిచి నిద్రపోయినట్లే. ఎవరో మీ నెట్టుతో తప్పు పని చేస్తారు. విచారణ మీ ఇంటికి వస్తుంది.

"మీ వైఫై బాగు చేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోను చేస్తే చెప్పకండి. వైఫై బాగు చేయడానికి బ్యాంకు ఓటీపీతో పని లేదు. మీ ఫోను తెర వాళ్లకు కనపడే ఆప్ వేసుకోమంటే వేసుకోకండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. సైబర్ మోసాలపై ఫిర్యాదుకు అది దేశమంతటికీ ఒకే నంబరు.

అప్‌డేట్ అంటే భయపడి మానేయకండి. అప్‌డేట్ దొంగ దారులను మూస్తుంది. అప్‌డేట్ చేయండి. కానీ దరఖాస్తుకు ఆఖరి రోజు, పరీక్ష ముందు రాత్రి చేయకండి. తీరిక ఉన్న రోజు చేయండి.

అక్కలారా! చీటీ మీది అంకెలు చదవడం మీకు వచ్చు. ఫోనులో వచ్చిన మాట రాసుకోవడం మీకు వచ్చు. సగం రిపేరు అంతే. "పెట్టె పోయింది, కొత్తది కొనండి" అని ఎవరన్నా అంటే, "ఏ తాళం ఉందో ముందు చూపించు నాయనా" అని అడగండి.

మీ సంఘంలో మాట్లాడుకోండి

1. మీ ఇంటి పెట్టె అడుగున చీటీ మీద ఏ అంకెలు ఉన్నాయి? రాసి తెండి.

2. ఒక ఫోనులో నెట్టు వచ్చి, ఇంకో ఫోనులో రాకపోతే తప్పు ఎక్కడ ఉండవచ్చు?

3. పాస్‌వర్డ్ లేకుండా వైఫై వదిలేస్తే ఏమవుతుంది?

4. రాతి గోడల ఇంట్లో పెట్టె ఎక్కడ పెట్టాలి? ఎందుకు?

కొత్త మాటలు

రౌటరు: నెట్టును గాలిలో పంచే పెట్టె.
ఆపరేటింగ్ సిస్టమ్: ఫోనును, కంప్యూటరును నడిపే పెద్ద ప్రోగ్రాము.
ఫర్మ్‌వేర్: వైఫై పెట్టెను నడిపే ప్రోగ్రాము.
డ్రైవర్: కంప్యూటరులో ఒక భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము.
మ్యాక్ అడ్రసు: ఫోనుకు ఉండే గుర్తింపు నంబరు.